అరచేతి గురి

కృపామణి ఎడమచేత్తో తిరగలి తిప్పుతోంది. కుడిచేత్తో గుప్పెడేసి జొన్నలు తీసి తిరగలి నోట్లో పోస్తోంది. పాలెంలో ఆడవాళ్ళెవరూ అలా తిప్పరు. కోతల సెలవులకు ఇంటికి వచ్చిన నాటినుంచీ ఈ పిల్ల పనంతా ఎడమచేతి వాటమే. పిండి బరకగా పడుతోందని తల్లి గ్రేసమ్మ పొద్దున్నుంచి సణుగుతూనే ఉంది.

"ఏమే, ఆ కుడిచెయ్యేమన్నా అరిగిపోద్దా? దొరసాని దాన్ని పెట్టెలో పెట్టి తాళమేసుకోమందా ఏంది?"

"భుజం పట్టేసిద్దమ్మా. ఉగాది ముందర గుంటూరులో ఆట ఉంది."

"ఆటంట, ఆట! పదారేళ్ళ గాడిదవి. బంతి ఇసిరేదానికి గుంటూరు దాకా పోవాల్నా? ఇక్కడే పిచికల మీద ఇసిరితే నాలుగు గింజలన్నా మిగిలేయి గదా."

కృపామణి నవ్వింది. తల్లి అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ చెయ్యి తయారైంది పిచికల మీదే.

ఎనిమిదో ఏటినుంచి పన్నెండో ఏడు దాకా ఆమె పెద్ద కామందు వెంకట్రామయ్య జొన్నచేలో మంచె మీద కావలి ఉంది. తండ్రి పున్నయ్య ఆ కామందు దగ్గర పాలేరు. తండ్రి నాగలి పడితే కూతురు వడిసెల పట్టేది. మొదట్లో వడిసెల తిప్పి వదిలితే రాయి ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. రెండేళ్ళు గడిచేసరికి ఏ కంకి మీద పిట్ట వాలితే ఆ కంకే ఊగేది. పన్నెండో ఏట, చేలో పడ్డ అడవిపందిని వడిసెల లేకుండా ఉట్టిచేత్తో రాయి విసిరి కంట్లో కొట్టింది. పంది గుడ్డిగా గిరగిరా తిరిగి, మంచె కాళ్ళకు గుద్దుకుని, అరుచుకుంటూ వాగులో పడిపోయింది. ఆ పొద్దు అటుగా పోతున్న, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి సుందరరావు సైకిలు దిగి, నెత్తుటి చారల మధ్య నిలబడ్డ పిల్లను చాలాసేపు చూశాడు. మర్నాడు పాలెం వచ్చి, "పున్నయ్యా, ఈ పిల్లను నాకప్పజెప్పు. పేటలో మా అమ్మాయితోపాటు బోర్డింగులో చేర్పిస్తా. ఈ చూపుకి చదువొచ్చిద్ది" అన్నాడు.

చదువు ఓ మోస్తరుగా వచ్చింది. బాగా వచ్చింది ఆట.

నరసరావుపేట బోర్డింగులో ఒక అమెరికా దొరసాని ఉండేది. పిల్లలు మిస్సమ్మగారు అనేవాళ్ళు. ఆమె తెలుగంతా బైబిలు చదివి నేర్చుకున్నది కావటంతో, "బాలికలారా, కాళ్ళు కడుగుకొనుడి, చారు చల్లారుచున్నది" అని పిలిచేది. పిల్లలు ఆమె వెనక నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు. సాయంత్రాలు ఆమె గౌను మీద నడుముకు తువ్వాలు బిగించి వాళ్ళచేత బేస్ బాల్ ఆడించేది. ఇసక నింపిన గోనెసంచులు నాలుగు మూలలా పడేసి, తుమ్మకర్రతో చెక్కించిన బ్యాటు ఒకరికిచ్చి, నలభై అడుగుల అవతలినుంచి ఇంకొకర్ని బంతి వెయ్యమనేది. కొట్టినవాళ్ళు సంచినుంచి సంచికి పరిగెత్తాలి. అమెరికానుంచి వచ్చిన తోలుబంతి ఒక్కటే ఉంది. అది పెద్ద ఆటలకు దాచేవాళ్ళు. రోజూ ఆడుకోవటానికి కొబ్బరిపీచు మీద పాతగుడ్డ చుట్టి కుట్టిన బంతి.

బంతి వెయ్యటంలో కృపామణిని మించినవాళ్ళు లేరని మొదటి వారంలోనే తెలిసిపోయింది. అంతకు మించిన ప్రమాదం కూడా లేదని రెండో నెలలో తెలిసింది.

ఆ పొద్దు ఉపదేశి కూతురు దయామణి బ్యాటు పట్టుకు నిలబడి, "ఏమే పాలేరు కూతురా, వడిసెల తెచ్చుకోలా? ఇక్కడ పిట్టలు లేవులే, గట్టిగా ఎయ్యి" అంది. చేతిలో ఉన్నది తోలుబంతి. కృపామణికి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ వినపడలేదు. బంతి దయామణి మూతి మీద పడింది. రెండు పళ్ళు ఊడి, పై పెదవి చీలి, తెల్ల ఓణీ అంతా నెత్తురైంది. దయామణి మట్టిలో చతికిలబడి పళ్ళు వెతుక్కుంటుంటే కృపామణికి జాలి వెయ్యలేదు. ఇంకో బంతి ఉంటే బాగుండుననిపించింది. ఆ సంగతి మిస్సమ్మగారు ఆమె మొహంలో చదివేసింది.

బడినుంచి పంపలేదు. కొట్టలేదు. నెలరోజులు బంతి ముట్టనివ్వలేదు. నెల దాటాక, పెదవి మీద కుట్లు ఇంకా ఎర్రగా ఉన్న దయామణినే తీసుకొచ్చి, నలభై అడుగుల అవతల గొంతుక్కూర్చోబెట్టి, అరచెయ్యి తెరిచి మొహం ముందు పట్టమంది. తోలు తొడుగు లేదు. ఉట్టి చెయ్యి.

"బాలికా, నీ కోపమును పాదముక్రింద ఉంచుము, చేతియందు ఉంచకుము" అంది కృపామణితో. "దాని ముఖము చూడవద్దు. అరచెయ్యి చూడుము. లోకమంతయు పోయినది, అరచెయ్యి మాత్రము మిగిలినది."

దయామణి చెయ్యి వణుకుతోంది. అయినా దించలేదు. ఆ వణుకు చూశాక కృపామణికి మొదటిసారి తన చెయ్యంటే తనకే భయం వేసింది.

మూడేళ్ళు అదే పని. ముందు ఊపిరి వదలాలి. ఎడమపాదం అరచేతి వైపు నాటాలి. కోపమేదన్నా ఉంటే ఆ మడమకింద తొక్కెయ్యాలి. ఆ తర్వాత బంతి రెండు వేళ్ళ కొసలనుంచి జారాలి. రోజుకు అరవై బంతులు. కొట్టేవాళ్ళు వెక్కిరించినా, పక్కనుంచి కేకలు పెట్టినా, కళ్ళలో దుమ్ము పడినా, దయామణి ఎక్కడ చెయ్యి తెరిస్తే అక్కడికే బంతి. ఆ అరవై బంతుల మధ్యే ఇద్దరికీ స్నేహం కుదిరింది. పోనుపోను కృపామణికి ఆలోచన కూడా పోయింది. తెరిచిన అరచెయ్యి కనపడటం, తన చెయ్యి కదలటం ఒకటే అయిపోయాయి.

"ఇప్పుడు నీ హస్తము నీ మాట వినుచున్నది" అని మిస్సమ్మగారు మెచ్చుకుంది. గుంటూరు బడితో జరిగే ఆటలో బంతి వేసేది కృపామణే అని కాగితం మీద రాసి గోడకు అంటించింది. షరతు మాత్రం ఒకటి పెట్టింది. ఆ చెయ్యి మళ్ళీ ఒక మనిషి మీదికి లేచిందని తెలిస్తే, ఇక ఆమె బంతి ముట్టకూడదు.

కృపామణికి పుట్టి బుద్ధెరిగాక తనదంటూ దొరికింది ఆ గోడమీది కాగితం ఒక్కటే. అందుకే ఇంటికొచ్చాక కుడిచేతిని తిరగలికి కూడా ఇవ్వటం లేదు.

వాకిట్లో ఎవరో కూలబడిన చప్పుడైంది. తిరగలి ఆగింది.

పున్నయ్య. తలపాగా తడిసి ముద్దయి మెడమీదికి జారింది. ఎడమ చెవి సగం తెగి వేలాడుతోంది. గ్రేసమ్మ కెవ్వుమని, పాతగుడ్డ కాల్చి ఆ మసి గాయానికి అద్దటానికి పరిగెత్తింది.

"ఎవురయ్యా? ఎవురు కొట్టింది?"

"ఖలందర్ గాడు. చిన్న కామందు తెచ్చి పెట్టుకున్న కర్రసాము మడిసి. వాగుకాడి చేలోకి ఎందుకొచ్చావురా అన్నాడు. మా కామందు చేనన్నా. అంతే."

పెద్ద కామందుకూ సొంత తమ్ముడికీ వాగుపక్క పదెకరాల జొన్నచేను మీద కోర్టులో దావా నడుస్తోంది. దావా తేలేలోపల ఎవరు కోసి కుప్ప వేస్తే స్వాధీనం వాళ్ళది. అందుకని అలాంటి చేను కొయ్యాలంటే కొడవళ్ళు ఒక్కటే చాలవు. కర్రలు, బరిసెలు పట్టుకుని మగవాళ్ళు వరసకట్టి నిలబడాలి. వాళ్ళ వెనక కూలీలు కొయ్యాలి. ఆడవాళ్ళు వాగులో రాళ్ళేరి తట్టలతో మోసుకొచ్చి వరస వెనక కుప్పలు పొయ్యాలి. ఎవరి రాళ్ళు ముందు అయిపోతే వాళ్ళు ఓడినట్టు.

"రేపు పొద్దున్నే కోత" అన్నాడు పున్నయ్య పళ్ళు బిగబట్టి. "అమ్మాయిని కూడా తెమ్మన్నాడు కామందు. పందిని గుడ్డిదాన్ని చేసిన చెయ్యి గదా, పదిమంది మగోళ్ళ పెట్టంట."

"తట్ట మోస్తా నాయనా" అంది కృపామణి. "రాయి మటుకు ఎయ్యను."

పున్నయ్య లేచి చెంప మీద కొట్టాడు. అతని చేతి నెత్తురు ఆమె చెంపకంటింది. "మీ నాయన చెవి తెగి చేతిలోకొచ్చిందే! ఆ గుడ్డబంతి నీకు ఎక్కువైందా?"

"కొట్టు నాయనా. ఇంకా కొట్టు. ఎయ్యను."

"వదిలెయ్యయ్యా, మోస్తానంటంది గదా" అని గ్రేసమ్మ మధ్యకొచ్చింది. మిగిలిన దెబ్బలు ఆమెకు పడ్డాయి.

మర్నాడు మంచు విడవకముందే చేలో నూరుమంది చేరారు. చిన్న కామందు వైపు అరవై మంది ఉంటారు. ముందు తిట్లు. తర్వాత ఒక రాయి. ఆ తర్వాత ఎవరిది మొదటి దెబ్బో ఎవరికీ తెలియదు. కర్ర మీద కర్ర పడితే ఒక చప్పుడు, మనిషి మీద పడితే ఇంకో చప్పుడు. తట్ట నెత్తిన పెట్టుకుని వస్తున్న కృపామణికి ఆ రెండో చప్పుడే వినిపిస్తోంది. ఒకడు కొడవలితో తెగిన ముంజేతిని రెండో చేత్తో పట్టుకుని వాగువైపు నడిచి పోతున్నాడు, పరిగెత్తటం మర్చిపోయినట్టు. బరిసె పొట్టలో దిగినవాడు దాన్ని పట్టుకుని, "తియ్యొద్దు, తియ్యొద్దురా" అంటున్నాడు.

మూడో తట్ట పోసేటప్పుడు పున్నయ్య పడ్డాడు. ఖలందర్ అతని మీద కాళ్ళు ఎడంచేసి నిలబడి, కట్టెలు కొట్టేవాడిలా తీరిగ్గా, మోకాలి మీద కర్ర దించాడు. ఎముక విరిగింది. మళ్ళీ ఎత్తాడు.

కృపామణి చేతిలోకి రాయి ఎప్పుడొచ్చిందో. ఊపిరి వదిలింది. ఎడమపాదం నాటింది. కోపాన్ని మడమకింద తొక్కింది. నిజంగానే తొక్కింది. ఖలందర్ మొహం చూడలేదు. కర్ర పట్టిన మణికట్టు ఒక్కటే చూసింది. కర్ర పడిపోతే చాలు, ఇది మనిషి మీద వెయ్యటం కాదు అనుకుంది.

మణికట్టు పుటుక్కుమంది. కర్ర పడిపోయింది. ఖలందర్ చెయ్యి చంకలో పెట్టుకుని మోకాళ్ళ మీద కూలాడు.

"పున్నయ్య కూతురురో!" అని వరసంతా కేక పెట్టింది. ముసలి శేషమ్మ గబగబా ఇంకో రాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. "ఎయ్యవే నా తల్లి, ఎయ్యి! ఆ ఎర్ర తలపాగా వోణ్ణి!"

వేసింది. మోకాలు. మళ్ళీ వేసింది. మోచెయ్యి. శేషమ్మ రాళ్ళందిస్తూనే ఉంది, కృపామణి వేస్తూనే ఉంది. ఒక్కటి తప్పలేదు. పడ్డవాళ్ళ అరుపులు ఎక్కడో దూరంనుంచి వస్తున్నట్టున్నాయి. లోపల కోపం లేదు, భయం లేదు. హాయిగా ఉంది. అవతలి వరస వెనక్కి తగ్గుతోంది.

అప్పుడు వాగు గట్టు మీదినుంచి ఉపదేశి సుందరరావు సైకిలు పడేసి పరిగెత్తుకొచ్చాడు. రెండు వరసల మధ్యకు దూరి, ఇటువైపు తిరిగి, కుడి అరచెయ్యి తెరిచి మొహం ముందుకు ఎత్తాడు.

"ఆపండి! మీకు దణ్ణం పెడతా, ఆపండమ్మా!"

నలభై అడుగులుంటుంది. తెరిచిన అరచెయ్యి కనపడింది. కృపామణి చెయ్యి కదిలింది.

గురి తప్పలేదు. సరిగ్గా అరచేతి నడిమధ్య తాకింది. గుడ్డబంతి అయితే అక్కడ ఆగేది. ఇది అరసేరు బరువున్న పలుగురాయి. చేతిని వెనక్కి విరిచి, ఆ చేతితో సహా కణత మీద పడింది. ఉపదేశి నిలబడే ఒక అడుగు వేశాడు. ఇంకా ఏదో చెప్పబోతున్నట్టు నోరు తెరిచాడు. నోట్లోంచి నెత్తురొచ్చింది. కోసిన జొన్నమోళ్ళ మీద బోర్లా పడ్డాడు. మోళ్ళు బుగ్గలో దిగబడ్డాయి. ఆయన కదల్లేదు.

రెండు వరసలూ ఆగిపోయాయి. శేషమ్మ తన చేతిలో ఉన్న రాయిని చూసుకుని నెమ్మదిగా కింద పెట్టింది.

బండి ఆస్పత్రి దాకా పోలేదు. మధ్యాహ్నానికి దారిలోనే ఉపదేశి ప్రాణం పోయింది. చిన్న కామందు మనుషులు చెదిరిపోయారు. సాయంత్రానికి పెద్ద కామందు పదెకరాలూ కోయించి కుప్ప వేయించాడు.

పోలీసులొచ్చి చావడిలో దిగారు. రాయి వేసింది ఖలందరేనని పెద్ద కామందు వైపునుంచి పదిమంది చెప్పారు. మణికట్టు విరిగిపోయినవాడు రాయి ఎలా వేశాడని ఒక్కరికీ అనుమానం రాలేదు. ఖలందర్ ఆ చెయ్యి చూపించి మొత్తుకుంటే, "ఎడంచేత్తో ఏసుంటావులేరా" అని హెడ్డు కానిస్టేబులు నవ్వాడట. రాత్రీ పగలూ కొడుతున్నారు. ఆ అరుపులు పాలెం దాకా వినపడుతున్నాయి. మొదటిరోజు మాటలు తెలిసేవి. రెండోరోజు మాటలు పోయి, గొడ్డు అరుపు మిగిలింది.

ఉపదేశిని భూస్థాపన చేసేటప్పుడు కృపామణి వెళ్ళలేదు. జ్వరమని గ్రేసమ్మ చెప్పింది. ఇంట్లో గోడకు ఆనుకుని కుడిచేతిని ఒళ్ళో పెట్టుకు కూర్చుంది. అన్నం కూడా ఎడమచేత్తోనే కలపబోతే గ్రేసమ్మ చూడలేక ముద్దలు చేసి నోట్లో పెట్టింది.

ఆ సాయంత్రం పెద్ద కామందు పాలెం మొగదల దాకా వచ్చి పున్నయ్యకు కబురు పెట్టాడు. పున్నయ్యను నలుగురు మంచంతో సహా మోసుకెళ్ళారు.

"అమ్మాయిని రేపే బడికి పంపించు. మా బండి వచ్చిద్ది" అన్నాడు కామందు. "చూసినోడెవడూ లేడు. అడిగితే తట్ట మోశానని చెప్పమను. అబద్ధమేం గాదు గదా. మిగతాది నేను చూసుకుంటా."

తిరిగొచ్చాక పున్నయ్య మంచం మీదినుంచే కూతుర్ని పిలిచాడు. గొంతులో కోపం లేదు. "నోరు మూసుకుని ఎల్లవే. ఆ దొరసానికి తెలిసేదెట్టా? గుంటూరు పో. నీ ఆట నువ్వాడుకో. అదే గదా నీకు గావాల్సింది?"

అదే. నోరు మూసుకుంటే చాలు, గోడమీది కాగితం అలాగే ఉంటుంది. ఆ రాత్రి గ్రేసమ్మ ఆమె ఓణీలు మడిచి మూట కట్టింది.

పొద్దున్నే బండి వచ్చి వాకిట్లో ఆగింది. దాని వెనకే దయామణి వచ్చింది. మూడు రోజుల్లో మొహం పీక్కుపోయింది. గ్రేసమ్మ ఏం చెయ్యాలో తెలియక చాప పరిచింది. దయామణి కూర్చోలేదు. తిన్నగా కృపామణి దగ్గరికొచ్చి ఆమె కుడిచెయ్యి పట్టుకుంది.

"నేను బడికి రాను కృపా. అమ్మ ఒక్కతే అయిపోద్ది. మిస్సమ్మగారికి చెప్పు, ఇంకెవుర్నన్నా నా చోట కూర్చోబెట్టుకోమని. నువ్వు మటుకు గుంటూరులో బాగా ఎయ్యాల."

కృపామణి చెయ్యి లాక్కోబోయింది. దయామణి వదల్లేదు.

"ఆ ఖలందర్ ఏమన్నాడో తెలుసా? ఆ రాయి నువ్వేసినావంట. హెడ్డు నన్ను పిలిచి అడిగాడు, ఏమ్మా, ఆ పిల్లకూ మీకూ పాత తగవు ఉందంట గదా, నీ పళ్ళు రాలగొట్టిందంట గదా అని. నాకు నవ్వొచ్చింది, అంత దుఃఖంలో కూడా. కృపామణి మనిషి మీద ఎయ్యదండీ, మూడేళ్ళ బట్టీ నా చేతికి తప్ప ఇంకెక్కడా ఎయ్యలా అని చెప్పా. రాసుకుని నా చేత సంతకం పెట్టించుకున్నాడు. ఇంక నీ పేరు ఎవుడూ ఎత్తడులే."

చీలి అతుక్కున్న ఆ పెదవి మాట్లాడుతుంటే కృపామణి దాన్నే చూస్తోంది.

బయట బండివాడు ఎవరితోనో అంటున్నాడు: "ఒప్పుకోలేదంట ఇంకా. ఇయ్యాల ఆ రెండో చెయ్యి కూడా ఇరగ్గొడతారంట." అవతలి మనిషి, "ఇరగ్గొట్టనీ, ఉపదేశినే సంపినోడు" అన్నాడు. అంతలో చావడి వైపునుంచి అరుపు వచ్చింది. సన్నగా మొదలై, మధ్యలో తెగిపోయింది. బండికి కట్టిన ఎద్దులు రెండూ చెవులు రిక్కించాయి.

"కూర్చోమ్మా దయామణీ, గంజి తాగుదువు" అంది గ్రేసమ్మ, ఆ అరుపు వినపడనట్టు. మూట తెచ్చి కూతురి ముందు పెట్టింది. "పొద్దెక్కుతంది, బండెక్కవే."

కృపామణి తన చేతిని స్నేహితురాలి చేతుల్లోంచి మెల్లగా విడిపించుకుంది. మూట ముట్టుకోలేదు. దయామణి మొహంలోకి ఒకసారి చూసింది. దయామణి నవ్వబోయి, ఆగిపోయి, తన ఖాళీ అరచేతుల వైపు చూసుకుంది.

కృపామణి గడప దాటింది. బండివాడు పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె బండి పక్కనుంచి, ఎద్దుల ముందునుంచి నడిచి, చావడికి పోయే బాట పట్టింది.

"ఒసేయ్! అటెక్కడికే! బండి ఇక్కడుందే!" అని పున్నయ్య మంచం మీదినుంచి లేవబోయి, విరిగిన కాలితో నేలమీద పడి, పడిన చోటినుంచే కూతురి పేరు పెట్టి అరుస్తున్నాడు. ఆమె పోతూనే ఉంది.